కుందేలు పిట్ట కాదు

చార్మినార్ దగ్గర లాడ్ బజారులో దూరి, గాజుల దుకాణాలు దాటుకుంటూ పడమటికి నడిస్తే మహబూబ్ చౌక్ తగులుతుంది. 1892లో ప్రధాని ఆస్మాన్ జా కట్టించిన గడియారం గోపురం ఇప్పటికీ అక్కడ నిలబడే ఉంది. పక్కనున్న బజారుకు కాగితాల మీద పేరేదైనా జనం నోట అది ముర్గీ చౌక్. కోళ్లు, పావురాలు, బాతులు, పంజరం పిట్టలు అమ్మే చోటు. వాటి సరసనే ఇనుప జాలీ పెట్టెల్లో ఒకదాని మీద ఒకటి ఒరిగి తెల్లకుందేలు పిల్లలు కనిపిస్తాయి. పాతబస్తీకి పిట్టల పెంపకం తరతరాల విద్య. మేడల మీద పావురాల గూళ్లు కట్టి, ఏ గింజ వేస్తే ఏ జాతి ఎంతసేపు ఎగురుతుందో చెప్పగలిగేవాళ్లు ఈ గల్లీల్లో ఉన్నారు. చిక్కేమిటంటే, కుందేలు కూడా ఆ విద్యలోనే ఒక పాఠం అనుకోవడం. పిట్టలతో పాటు కొన్నది గనుక పిట్ట సామానుతోనే ఇంటికి వస్తుంది: ఒక పంజరం, ఒక పొట్లం గింజలు, మేడ మీద ఒక మూల, తోడుగా ఒక జత. ఈ నాలుగూ పావురానికి సరిపోవచ్చు. కుందేలు విషయంలో నాలుగూ తప్పే. ఇల్లు సిద్ధం చేయడమంటే ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా మార్చడమే. పంజరం స్థానంలో నేల, గింజల స్థానంలో గడ్డి, మేడ స్థానంలో ఇంటిలోపలి నీడ, కలిసొచ్చిన జత స్థానంలో ఆలోచించి కూర్చిన తోడు ఉండాలి.

ముందు ఆ జంతువు ఏమిటో చూద్దాం. మన చేలల్లో పరుగెత్తే చెవులపిల్లి వేరు, బజారులో దొరికే కుందేలు వేరు. చేలల్లోది భారతీయ జాతి. పిల్లలు కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టినా అమ్మినా నేరం. బజారులోది ఐరోపా నుంచి వచ్చిన పెంపుడు జాతి. నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికిన వంశం దానిది. పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. ఎర్రకళ్ల తెల్లవి ఎక్కువగా న్యూజిలాండ్ వైట్ రకానికి చెందినవి. బొరియ జంతువుకు వెనక కాళ్లలో బలం అపారం, ఎముకలు మాత్రం తేలిక. శరీర బరువులో అస్థిపంజరం వాటా పిల్లిలో 12, 13 శాతం ఉంటే కుందేలులో 8 శాతానికి మించదు. అంత తేలిక ఎముకల మీద అంత బలమైన కండ. పట్టు తప్పి గింజుకుంటే తన తన్నుకు తన వెన్నే విరుగుతుంది. చెవులు పట్టి ఎత్తే అలవాటు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. అరికాళ్ల సంగతి ఇంకొకటి. కుక్కకూ పిల్లికీ ఉన్న మెత్తటి దిండు దీనికి లేదు, ఉన్నది బొచ్చు మాత్రమే. మట్టి మీద, గడ్డి మీద నడవడానికి అది చాలు. జాలీ తీగల మీద నెలల తరబడి నిలబెడితే బొచ్చు అరిగి, చర్మం ఎర్రబడి, పుండ్లు పడతాయి. కుందేలును వెల్లకిలా తిప్పి మడమల దగ్గర బొచ్చు పాయ తీసి చూస్తే కనబడే ఎర్రటి బట్టతల మచ్చ, పంజరం పెంపకానికి మొదటి గుర్తు.

మరి కుందేళ్ల ఫారాల్లో తీగ పంజరాలే కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే మాంసానికి పెంచే కుందేలు రెండు కిలోల బరువు తూగేది సుమారు మూడు నెలల వయసుకు. ఆ పంజరం లెక్క ఆ మూడు నెలల బతుకుకు వేసింది. ఇంట్లో పెంచే కుందేలు చక్కగా చూస్తే 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. ఒకటో తరగతి పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకున్నది అతను పదో తరగతి పరీక్షలు రాసేటప్పటికీ ఇంట్లోనే ఉంటుంది. మూడు నెలల లెక్కను పదేళ్లకు పొడిగించలేం. చట్టం కూడా ఈ మాటే అంటుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, జంతువు తగినంత కదలడానికి వీలు లేనంత చిన్న పంజరంలో పెట్టడం నేరం. పెంపుడు జంతువుల దుకాణాల మీద 2018లో వచ్చిన నిబంధనలు అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలంటాయి. కొనే ముందు ఆ పత్రం అడగడం కొనేవాళ్ల హక్కు. ఎంతమంది అడుగుతారన్నది వేరే మాట.

ఎంత నేల కావాలి? బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమ సంస్థ ఒక జతకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉండాలని చెబుతుంది. పాతబస్తీ కొలతలోకి మార్చితే సుమారు 7 గజాలు. ఇల్లే 60 గజాలైన చోట, పైన ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలున్న చోట, ఈ అంకె వినగానే నవ్వొస్తుంది. కానీ ఆ 7 గజాలు కుందేలుకు పట్టా రాసివ్వమని ఎవరూ అనడం లేదు. అది మనుషులతో పంచుకునే నేల. ముందు గదిలో వేసిన తఖ్తు (చెక్క మంచం) కింద ఎంత చోటు వృథాగా ఉంటుందో గమనించండి. మూడు వైపులా మూత, పైన కప్పు, ఒక వైపు తెరిపి ఉన్న ఆ చోటు కుందేలు దృష్టిలో బొరియే. దాని ముందు పిల్లల కోసం అమ్మే మడత కంచె ఒకటి అర్ధచంద్రంగా నిలబెడితే రాత్రి గది అయిపోయింది. పొద్దున, సాయంత్రం, అంటే కుందేళ్లు సహజంగా చురుగ్గా ఉండే వేళల్లో, కంచె తీసి గదంతా వదిలితే సరి. పెద్ద ఇంట్లో చిన్న పంజరం కన్నా చిన్న ఇంట్లో తెరిచిన నేల మేలు. పాత ఇళ్లకు ఇక్కడ ఒక ఎదురుదెబ్బ కూడా ఉంది. షాబాద్ బండలు, తాండూరు నాపరాళ్లు చల్లగా ఉంటాయి గానీ ఏళ్ల తరబడి తుడిచి తుడిచి నున్నబడతాయి. దిండు లేని పాదం వాటి మీద జారుతుంది, వెనక కాళ్లు చీలబడతాయి. నడక దారి పొడవునా పాత దర్రీ గానీ గోనెపట్టా గానీ పరచాలి. పడుకునే చోట మాత్రం ఒకటి రెండు బండలు వట్టిగా వదలాలి, ఎండాకాలంలో పొట్ట ఆనించుకోవడానికి.

ఇక మేడ. పాతబస్తీ ఇంట్లో మనుషులకు అక్కర్లేని ప్రతి వస్తువూ చివరికి చేరేది అక్కడికే. పావురాలు ఎలాగూ ఉన్నాయి గనుక కుందేలు పెట్టె కూడా ఆ పక్కనే. పావురానికి ఎండ ఎక్కువైతే ఎగిరిపోయి నీడ వెతుక్కుంటుంది. కుందేలుకు ఆ దారి లేదు. దానికి చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి ఒగర్చి వేడిని పోగొట్టుకోవడమూ చేతకాదు. ఉన్న ఒక్క ఉపాయం చెవులు. పలచటి చర్మం కింద పరుచుకున్న రక్తనాళాలు వెడల్పై రక్తంలోని వేడిని గాలిలోకి వదులుతాయి. గాలే రక్తం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ ఉపాయం పనిచేయదు. దాని ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు, మే నెలలో హైదరాబాద్ మధ్యాహ్నపు వేడి కూడా దాదాపు అంతే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పైగా అది వాతావరణ శాఖ నీడలో కొలిచే అంకె. కాంక్రీటు మేడ మీద, రేకు కప్పు కింద ఉండే వేడి దానికి చాలా పైన. కుందేలుకు హాయిగా ఉండేది 15 నుంచి 20 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది పడుతుంది, 35 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ, గడ్డం తడిసి, చెవులు కాలుతున్నట్టుంటే అది వడదెబ్బే. అప్పుడు చెవులను మామూలు చల్లటి నీళ్లతో తడపాలి గానీ మంచునీళ్లలో ముంచకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈ విషయంలో పాత ఇంటికి కొత్త అపార్ట్‌మెంటు కన్నా ఎక్కువ మార్కులు వేయాలి. డంగుసున్నం గోడలు, ఎత్తయిన కప్పు, నడిమధ్య వాకిలి ఉన్న దేవిడీలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. ఆ పద్ధతిలో కట్టిన చిన్న ఇళ్లు మాత్రం ఇంకా చాలా గల్లీల్లో ఉన్నాయి. వాటిలో నేలమట్టపు గది మధ్యాహ్నం కూడా మేడ కన్నా ఎన్నో డిగ్రీలు చల్లగా ఉంటుంది. దానికి కూలర్ తోడైతే ఏప్రిల్, మే నెలలు గడుస్తాయి. అప్పటి గాలి పొడిగా ఉండటం వల్ల తడి గడ్డి గుండా వచ్చిన గాలి బాగా చల్లబడుతుంది. అసలు పరీక్ష జూన్ మొదట్లో, మేఘాలు కమ్మి వాన పడని రోజుల్లో వస్తుంది. గాలిలో తేమ నిండిపోయి కూలర్ పనిచేయదు, వేడి మాత్రం తగ్గదు. కరెంటు పోయే రాత్రులూ ఉంటాయి. వాటికి ముందే ఏర్పాటు కావాలి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి బట్ట చుట్టి పక్కన పెట్టడం ఒక దారి. ఇంతకన్నా మేలైనది, ఖర్చు లేనిది, పగుళ్లిచ్చి నీళ్లకు పనికిరాకుండా పోయిన రంజన్, అంటే నీళ్ల మట్టికుండ. వెడల్పు మూతి ఉన్న రంజన్‌ను అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా రెండు ఇటుకలు ఆనించి, పైన తడి గోనె కప్పితే లోపల చల్లటి చీకటి గుహ ఏర్పడుతుంది. మట్టి తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. ప్లాస్టిక్ ఇల్లు కొనే డబ్బు దీంతో మిగులుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద విషయం, తిండి. కుందేలు ముందు పళ్లు ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగానే పెరుగుతాయి, దవడ పళ్లూ పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసేది గట్టి పీచున్న గడ్డి మాత్రమే. గింజలు, నానబెట్టిన శనగలు, రొట్టె ముక్కలు, చాయ్‌లో ముంచి మిగిల్చిన ఉస్మానియా బిస్కెట్ ముక్క ఇవన్నీ రెండు నములుళ్లలో అయిపోతాయి. పళ్లు అరగవు, మొనదేలి నాలుకనూ బుగ్గలనూ కోస్తాయి. నొప్పికి తినడం మానేస్తుంది. తినడం మానితే పేగుల కదలిక ఆగిపోతుంది, గాలి నిండుతుంది. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉన్న కుందేలు అత్యవసర రోగి. రేపు చూద్దాం అనుకోకూడదు. కాబట్టి రోజూ తన ఒంటి పరిమాణమంత గడ్డి దాని ముందు ఉండాలి, ఆహారంలో పదింట ఎనిమిది పాళ్లు అదే కావాలి. మిగతాది ఆకుకూరలు, కాసిని గుళికలు. క్యారెట్ పండు లెక్క, వారానికి రెండు మూడు ముక్కలు. దాని ఆకు మాత్రం రోజూ పెట్టవచ్చు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు మంచివి. పాలకూర, చుక్కకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ గనుక ఎప్పుడో ఒకసారి, అదీ కొద్దిగా. ఉల్లి, వెల్లుల్లి పనికిరావు. విదేశాల నుంచి వచ్చే తిమోతీ గడ్డి ప్యాకెట్లు దుకాణాల్లో, ఆన్‌లైన్లో దొరుకుతాయి గానీ ధర ఎక్కువ. మన కాళ్ల కింద పెరిగే గరిక దానికి ఏమీ తీసిపోదు. అమెరికాలో బెర్ముడా గడ్డి పేరుతో ఎండుమేతగా అమ్మేది ఈ గరికనే. వానాకాలంలో విరివిగా దొరికినప్పుడు నీడలో ఆరబెట్టి సంచుల్లో కట్టి పెట్టుకుంటే నెలలు వస్తుంది. వరిగడ్డి పడకకు బాగుంటుంది, దాన్నే తిండిగా నమ్ముకుంటే పోషణ చాలదు. లేత జొన్న చొప్ప జోలికి వెళ్లకూడదు. పశువుల్ని చంపే విషం అందులో ఉంటుందని రైతులకు తెలిసిందే.

గడ్డి ఎక్కడిదో కూడా చూసుకోవాలి. నగరం దిగువన మూసీ మురుగునీటితో పారా గడ్డి పండించి పాడి పశువులకు అమ్మడం దశాబ్దాలుగా సాగుతున్న వ్యాపారం. కొన్ని ఆకుకూరలదీ అదే నీరు. మోపు కొనేటప్పుడు అడిగి, సందేహముంటే మానేయాలి. ఆకుకూరల్ని రెండు మూడు నీళ్లలో కడిగి తడి ఆరాక పెట్టాలి. ఒక పండగ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వినాయక చవితి మర్నాడు మిగిలిన పత్రిని కుందేలు ముందు వేయడం సహజంగా తోచే పని, ఎలాగూ ఆకులే కదా అని. ఆ 21 పత్రుల్లో గరిక ఉంది, అది కుందేలుకు అమృతం. అదే కట్టలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఆకులూ ఉన్నాయి. గన్నేరు ఆకు గుండెను ఆపేస్తుంది. గరిక ఒక్కటి ఏరి పెట్టి మిగతాది నిమజ్జనానికే పంపాలి.

కుందేలు తన పెంటను తానే తింటోందని చూసి అసహ్యపడి, కొట్టి మాన్పించేవాళ్లున్నారు. అది తినేది మామూలు గట్టి పెంటిక కాదు. గడ్డి ఒక్కసారికి పూర్తిగా అరగదు. అంధనాళంలో పులిసి, బి విటమిన్లు, మాంసకృత్తులు నిండిన మెత్తటి గుళికల్ని అది నేరుగా నోటితో అందుకుని రెండోసారి అరిగించుకుంటుంది. ఆవు నెమరు వేసే పనినే ఇది ఈ దారిలో చేస్తుంది. దాన్ని ఆపితే పోషణే ఆగుతుంది. ఈ పులియబెట్టే సూక్ష్మజీవుల మీదే కుందేలు బతుకంతా నిలిచి ఉంది గనుక మందుల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. గల్లీకో మందుల దుకాణం ఉన్న మన ఊళ్లో తుమ్మిన కుందేలుకు పిల్లల అమాక్సిసిలిన్ సిరప్పు నాలుగు చుక్కలు వేయడం పెద్ద పనేం కాదు. నోటి ద్వారా ఇచ్చిన ఆ జాతి మందులు మంచి సూక్ష్మజీవుల్ని చంపి, విషక్రిముల్ని పెంచి, కొద్ది రోజుల్లో కుందేలును తీసుకుపోతాయి. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కూడా దీనికి ప్రమాదమే. అందుకని కుందేలు కన్నా ముందు డాక్టరును వెతుక్కోవాలి. పాతబస్తీకి దగ్గర్లోనే రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, ప్రైవేటు క్లినిక్‌లు ఎన్నో ఉన్నాయి. అయితే కుక్కలకు చేయి తిరిగిన డాక్టరు కుందేళ్లకూ తిరిగినవాడే కానక్కర్లేదు. తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఆపరేషనుకు ముందు రాత్రంతా మేత ఆపాలా? ఆపాలి అంటే వేరే డాక్టరును చూసుకోండి. వాంతి రాని జంతువుకు ఉపవాసంతో పని లేదు, పైగా పేగులు ఆగిపోయే ప్రమాదం ఉంది.

నేల తెరిచి ఇచ్చామంటే ఇంట్లోని ప్రమాదాలూ దాని అందుబాటులోకి వచ్చినట్టే. పంజరం పక్షాన బలమైన వాదన ఇదొక్కటే, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. బొరియలో అడ్డొచ్చిన వేర్లను కొరికి దారి చేసుకునే జంతువుకు కూలర్ వైరూ వేరే. పాత ఇళ్లలో గోడ వెంట వేలాడే వైర్లన్నిటినీ అడుగున్నర ఎత్తు వరకు ప్లాస్టిక్ గొట్టంలో దూర్చాలి. ఎలక్ట్రీషియన్‌కు అది ఒక పూట పని. తలుపులు, కిటికీల పాత రంగు మీద ఇంకా ఎక్కువ అనుమానం ఉండాలి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. దానికి ముందు పొరలు పొరలుగా పూసిన రంగును కుందేలు గీరి తింటే సీసం ఒంట్లో చేరుతుంది. అలాంటి చెక్కకు కింది భాగంలో రేకు గానీ బండ ముక్క గానీ ఆనించి, కొరకడానికి వేప పుల్లలు, అట్టపెట్టెలు ఇవ్వాలి. పందికొక్కుల కోసం మూలల్లో పెట్టే విషపు బిళ్లలు కుందేలు ఉన్న ఇంట్లో ఉండకూడదు, బోను పెట్టుకోవాలి. ఇది ముక్కుతోనే ఊపిరి పీల్చే జంతువు. గురువారం, అంటే జుమ్మేరాత్ నాటి లోబాన్ పొగ, సాంబ్రాణి, దోమల చుట్ట, బట్టల్లో వేసే కలరా ఉండల వాసన, ఇవన్నీ దాని ఊపిరితిత్తులకు బరువే. పొగ వేసే గది, కుందేలు గది ఒకటి కాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు.

వాసన వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డు చెబుతారు. మురికి పంజరం వాసన చూసినవాళ్లకు ఆ భయం సహజం. నిజానికి కుందేలు శుభ్రత గల జంతువు, మూత్రానికి ఒక మూలను తానే ఎంచుకుంటుంది. మనం చేయాల్సింది ఆ మూలను గుర్తించి అక్కడే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టడం. అడుగున పాత దినపత్రిక, అది ఏ భాషదైనా ఒకటే, పైన ఎండు గడ్డి దండిగా. తింటూ విసర్జించడం వాటి అలవాటు గనుక గడ్డి అక్కడ ఉంటే టబ్బుకు తొందరగా అలవాటు పడతాయి. రోజూ కాగితం మారిస్తే వాసన ఉండదు. ఎండిన పెంటికలు పూలకుండీలకు మంచి ఎరువు. మూత్రం అప్పుడప్పుడు నారింజ రంగులో, ఎర్రగా కూడా వస్తుంది, తిన్న ఆకుల రంగు అది. రక్తమనుకుని హడలిపోనక్కర్లేదు, రెండు రోజులు అలాగే ఉంటే చూపించాలి.

జత మాట. కుందేలు ఒంటరి జంతువు కాదు, తోడు ఉండటం న్యాయమే. బజారు మాత్రం ఆడా మగా అని చెప్పి ఇస్తుంది, లేదా రెండూ ఆడవే అని చెప్పి ఒక మగదాన్ని ఇస్తుంది. పిల్లలప్పుడు తేడా చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఈడుకొస్తాయి, గర్భం 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ కట్టగలవు. పావురం రెండు గుడ్లు పెట్టే లెక్కతో చూసినవాళ్లు ఏడాది తిరిగేసరికి ఇల్లంతా కుందేళ్లతో తల పట్టుకుంటారు. అప్పుడు తోచే ఉపాయం ఏ పార్కులోనో వదిలేయడం. తెల్లటి ఒళ్లు, మనిషి చేతి తిండి అలవాటు, చుట్టూ కుక్కలూ పిల్లులూ గద్దలూ. అది వదిలేయడం కాదు, చంపడమే. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం ఒక్కటే నమ్మదగిన దారి. దానివల్ల మూత్రం చిమ్మడం, పోట్లాటలు తగ్గుతాయి. ఆపరేషన్ కాని ఆడ కుందేళ్లలో నాలుగేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ చాలా తరచుగా కనిపించే జబ్బు, దాని నుంచి రక్షణ దొరుకుతుంది. ఖర్చు కుందేలు ధర కన్నా ఎన్నో రెట్లు అవుతుంది, నిజమే. ధర తక్కువని కొని, వైద్యం ఖర్చును ఆ ధరతో పోల్చుకోవడం దగ్గరే ఈ బేరం మొదటి నుంచీ చెడింది.

మా మేనమామ ఇంట్లో మేడ మీద, గింజలు తిని ఏళ్ల తరబడి బతికింది అనే మాట తప్పకుండా వస్తుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాళ్లతో వాదించలేం గానీ, ఆ మాటలో తార్కికంగా ఉన్న లోపం చెప్పవచ్చు. బతికినవి జ్ఞాపకం ఉంటాయి, మొదటి ఎండాకాలంలో పోయినవి ఎవరి లెక్కలోనూ ఉండవు. పైగా కుందేలు బాధను దాచుకుంటుంది. వేట జంతువులకు చిక్కే ప్రాణి జబ్బును బయటపెడితే ముందుగా బలయ్యేది అదే గనుక చివరి గంట దాకా మామూలుగానే కనిపిస్తుంది. పిల్లల ఒళ్లో కదలకుండా ఉంటే మచ్చికైందనుకుంటాం. చాలాసార్లు అది భయంతో బిగుసుకుపోవడం. నేల మీద కూర్చున్న పిల్లాడి దగ్గరికి అదే వచ్చి మోకాలిని గడ్డంతో రుద్దితే అప్పుడు మచ్చికైనట్టు. చప్పుడు కూడా ఇందులో భాగమే. పెళ్లి ఊరేగింపుల మర్ఫా దరువు, లాల్ దర్వాజా బోనాల పోతురాజుల డప్పులు, గణేశ్ నిమజ్జనపు లారీల స్పీకర్లు, దీపావళి టపాకాయలు పాతబస్తీ ఏడాది పొడవునా వినే సంగీతం. వాటిని ఆపలేం, ఆపాలనీ లేదు. ఆ రోజుల్లో కుందేలును వీధి గదిలోంచి లోపలి గదికి మార్చి, రంజన్ పక్కనే పెట్టి, గడ్డి ఎక్కువ వేసి తలుపు మూస్తే చాలు.

వానాకాలానికి రెండు జాగ్రత్తలు. వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెట్టి ఒక్క రోజులో పురుగు పడుతుంది. పొద్దునా సాయంత్రం తోక కింద చూడాలి. 2020 అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా చుట్టుపక్కల ఇళ్లలో నీళ్లు ఎంత తొందరగా ఎక్కాయో గుర్తున్నవాళ్లు గాలి రంధ్రాలున్న మూత బుట్ట ఒకటి చేతికందే ఎత్తులో ఉంచుకుంటారు.

ఎప్పుడు తేవాలన్నది చివరి ప్రశ్న. పిల్లలు అడిగేది ఏప్రిల్ చివర్లో, బడులకు సెలవులిచ్చాక. అది అన్నిటికన్నా చెడ్డ సమయం. తల్లి పాలు కొత్తగా మానిన పిల్ల, కొత్త ఇల్లు, కొత్త తిండి, నలభై డిగ్రీలు అన్నీ ఒకేసారి. దసరా వెళ్లాక నేల, వైర్లు, గడ్డి సంచులు సిద్ధం చేసుకుని నవంబరులోనో డిసెంబరులోనో తెచ్చుకుంటే, ఎండలు ముదిరే నాటికి అది ఆరేడు నెలల కుందేలవుతుంది, ఆపరేషనూ అయిపోతుంది. బజారులో పిల్లను ఎంచేటప్పుడు వయసు ఎనిమిది వారాలు దాటిందా, తనంతట తాను గడ్డి కొరుకుతోందా, ముక్కూ ముంగాళ్ల లోపలి బొచ్చూ పొడిగా ఉన్నాయా చూడాలి. ముక్కు కారే కుందేలు ముంగాళ్లతో తుడుచుకుంటుంది గనుక అక్కడి బొచ్చు అట్టకట్టి ఉంటుంది. అక్కడ అది తింటున్నదేదో ఒక వారానికి సరిపడా అడిగి తెచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ గడ్డిలోకి మార్చాలి. మొదటి రెండు మూడు రోజులు చుట్టాలకు చూపించకుండా, ఎత్తుకోకుండా తఖ్తు కిందే వదిలేయాలి. ఆ తర్వాత వారానికొకసారి వంటింటి తక్కెడ మీద బరువు చూసి క్యాలెండర్ మీద రాసుకోవాలి. పెరిగే వయసులో రెండు వారాలు వరసగా తగ్గిందంటే పళ్లు చూపించాలి.